దిగులు బద్ధకం కాదు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనందరికీ 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకొస్తుంది. పెన్షన్ సర్కారువారు దయతలచి ఇచ్చే భిక్ష కాదు, చేసిన సేవకు మనకు దక్కే హక్కు అని సుప్రీంకోర్టు చెప్పిన రోజది. ఏటా ఈ రోజున మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మోకాళ్ళ నొప్పుల గురించో, షుగరు గురించో చెబుతానని ఆయన అనుకుని ఉంటారు. నేను ఎన్నుకున్న విషయం డిప్రెషన్. మనం దిగులు అంటాం, పత్రికలవాళ్ళు కుంగుబాటు అంటారు.

నేను డాక్టరును కాను. 1973లో నాంపల్లిలోని ఒక డైరెక్టరేటులో ఎల్.డి.సి.గా చేరి, 2009లో సూపరింటెండెంటుగా రిటైరైన గుమాస్తాని. అయినా ఈ విషయం మాట్లాడటానికి నాకు రెండు అర్హతలున్నాయని అనుకుంటున్నాను. ఒకటి, ఈ జబ్బు నాకు వచ్చింది. రెండోది, అంతకు ఎన్నో ఏళ్ళ ముందు ఈ జబ్బు వచ్చిన ఒక మనిషిని నేను శిక్షింపజేశాను. ముందు ఆ రెండోది చెబుతాను.

ఒక నోట్ ఫైలు

అది 1994. మా సెక్షన్లో ఒక సీనియర్ అసిస్టెంటు ఉండేవారు. నాకంటే రెండేళ్ళు పెద్ద. పేరు చెప్పను. ఆయన రాసిన డ్రాఫ్టులో కామా కూడా మార్చకుండా పై అధికారులు సంతకం పెట్టేవారు. అటువంటి మనిషి ఆ ఏడాది మారిపోయారు. ఆలస్యంగా వచ్చేవారు. ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి, మధ్యాహ్నం దాకా అదే పేజీ ముందు కూర్చునేవారు. టిఫిన్ డబ్బా తెచ్చినది తెచ్చినట్టే ఇంటికి తీసుకువెళ్ళేవారు. స్టేషను ఎదుట ఇరానీ చాయ్‌కి అందరం వెళ్తుంటే "మీరు వెళ్ళి రండి" అనేవారు. బల్ల మీద తపాలు పేరుకుపోయింది.

నేను మెమో ఇచ్చాను. నెల తర్వాత ఇంకొకటి ఇచ్చాను. ఆయన ఇచ్చిన సంజాయిషీ ఒక్క వాక్యం: "తప్పు నాదే, మన్నించగలరు." నాలుగు పేజీలు రాయగల మనిషి ఒక్క ముక్క రాశాడేమిటని నాకు అనుమానం రాలేదు సరికదా, అది పొగరు అనుకున్నాను. "అలవాటుగా నిర్లక్ష్యం వహిస్తున్నారు, పలుమార్లు హెచ్చరించినా మార్పు లేదు" అని నోట్ పెట్టాను. శాశ్వత ప్రభావంతో రెండు ఇంక్రిమెంట్లు కోత పడ్డాయి. శాశ్వత ప్రభావం అంటే ఏమిటో ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. ఆ కోత రిటైరయ్యేదాకా జీతంలో ఉంటుంది, ఆ తర్వాత పెన్షన్లో ఉంటుంది, మనిషి పోయాక భార్యకొచ్చే ఫ్యామిలీ పెన్షన్లో కూడా ఉంటుంది. ఆయన 1997లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. 2011లో కాలం చేశారు. నేను వెళ్ళి వెనక వరుసలో నిలబడి వచ్చాను.

నా వంతు వచ్చింది

2021లో నా భార్య పోయింది. కర్మకాండలయ్యి చుట్టాలంతా వెళ్ళిపోయారు. మొదటి రెండు నెలలు బాధ ఉంది. అది సహజమే, ఎవరికైనా ఉంటుంది. ఆ తర్వాత వచ్చినది బాధ కూడా కాదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. అన్నం మట్టి తిన్నట్టు ఉండేది. చిరాగ్ అలీ లేన్‌లోని మా ఇంటి నుంచి రోజూ పబ్లిక్ గార్డెన్స్ దాకా నడిచేవాణ్ణి, అది మానేశాను. పేపరు మడత విప్పేవాణ్ణి కాదు. ఒకనాడు పాస్‌బుక్ ముందు పెట్టుకుని నాలుగు అంకెలు కూడబోతే మూడుసార్లు మూడు మొత్తాలు వచ్చాయి. ముప్పై ఆరేళ్ళు లెక్కలు సరిచూసిన చేయి అది.

ఇంట్లోవాళ్ళు మతిమరుపు జబ్బు అనుకున్నారు. నేనూ అదే అనుకున్నాను. మా కోడలు "మామయ్యా, అనుకోవడం ఎందుకు, డాక్టరుకు చూపిద్దాం" అని పట్టుబట్టి తీసుకువెళ్ళింది. ఆ డాక్టరు గారు థైరాయిడ్, బి12, సోడియం పరీక్షలు చేయించారు. నేను వేసుకునే బి.పి. మాత్రలన్నీ బల్ల మీద పెట్టించి చూశారు. అరగంట మాట్లాడారు. చివరికి, "ఇది డిప్రెషన్. మీ వయసులో ఇది ఏడుపు రూపంలోనే రావాలని లేదు. మరుపుగా వస్తుంది, ఒళ్ళునొప్పులుగా వస్తుంది, ఆకలి లేకపోవడంగా వస్తుంది, పని ముందు కూర్చుని పని చేయలేకపోవడంగా వస్తుంది" అన్నారు.

ఆ చివరి మాట విన్నప్పుడు నా కళ్ళముందు కనబడింది 1994 నాటి ఆ బల్ల. మూత తీసిన పెన్ను, తెరవని టిఫిన్ డబ్బా.

కాస్త తేరుకున్నాక ఈ జబ్బు సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల్లో ఒక వైద్య పాఠ్యపుస్తకం కొన్నాను. దానికి అట్ట లేదు కానీ మెదడు బొమ్మలు మాత్రం బాగున్నాయి. పుస్తకం పాతది కనుక, కొత్త పరిశోధనల సంగతి బయాలజీ చదువుతున్న మా మనవరాలు చెప్పింది. నాకు అర్థమైనంత మీకు మనవి చేస్తాను.

ఆఫీసు లాంటి కణం

మన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. మీలో చాలామంది పిల్లలకో మనవలకో చూపించే ఉంటారు. పూర్వం ఆ దేశంలో శవాన్ని భద్రపరచేటప్పుడు గుండెను జాగ్రత్తగా లోపలే ఉంచేవారట. మెదడును మాత్రం సాధారణంగా ముక్కులోంచి కొక్కెంతో లాగి పారేసేవారట. ఆలోచించేది గుండె అనీ, మెదడుతో పని లేదనీ వారి నమ్మకం. మనమూ మనసు అనగానే ఇప్పటికీ గుండె మీదే చేయి వేసుకుంటాం.

మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నాయని 2009లో లెక్క కట్టారు. ఒక్కొక్క కణం ఒక చిన్న ఆఫీసు లాంటిది. దానికి చెట్టు కొమ్మల్లా చీలిన తీగలుంటాయి, వాటిని డెండ్రైట్లు అంటారు. అది ఇన్‌వర్డ్ సెక్షన్, బయటి నుంచి వచ్చే తపాలంతా అక్కడే అందుతుంది. కొమ్మల మీద తుమ్మముళ్ళలాగా సన్నని మొలకలుంటాయి. ఒక్కొక్క మొలక ఒక్కొక్క తపాలు పెట్టె. కణం మధ్యభాగం సూపరింటెండెంటు. వచ్చిన కాగితాలన్నీ చూసి, జవాబు పంపాలా వద్దా అని తేలుస్తుంది. ఆక్సాన్ అనే పొడుగాటి తీగ డెస్పాచ్ సెక్షన్. ఒక కణం డెస్పాచ్‌కూ ఇంకొక కణం ఇన్‌వర్డ్‌కూ మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. దాన్ని సినాప్స్ అంటారు. ఆ ఖాళీలో కాగితం మోసే బంట్రోతులు కొన్ని రసాయనాలు. సెరొటోనిన్ వాటిలో ఒకటి.

కంటికి కనబడని ఈ కణాన్ని మొదట చూపించినవాడు ఇటలీ దేశస్థుడు కామిల్లో గోల్గీ. ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తూ, అక్కడి వంటగదినే ప్రయోగశాల చేసుకుని, 1873లో మెదడు ముక్కకు వెండి లవణంతో రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఆ రంగు అన్ని కణాలకూ పట్టదు, ఎక్కడో కొన్నింటికే పడుతుంది. అదే మంచిదయింది. అన్నీ నల్లబడితే అడవి కనబడుతుంది, ఒక్కటి నల్లబడితే చెట్టు కనబడుతుంది. అదే పద్ధతితో స్పెయిన్ దేశపు రమోన్ ఇ కహాల్ వందలాది బొమ్మలు గీసి, ప్రతి కణమూ విడిగా ఉంటుందని చెప్పాడు. గోల్గీ ఒప్పుకోలేదు, అంతా కలిసిన ఒకే వల అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి ఇస్తే, గోల్గీ ఆ వేదిక మీద కూడా కహాల్ సిద్ధాంతాన్ని విమర్శించాడు. ఒకే సెక్షన్లో పడని ఇద్దరిని మనం మాత్రం చూడలేదా? చివరికి కహాల్ మాటే నిలిచింది. గోల్గీ రంగు మాత్రం ఈనాటికీ వాడుతున్నారు.

ఒత్తిడి కొమ్మల్ని ఏం చేస్తుంది

ఆపద వచ్చినప్పుడు మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోను విడుదల చేస్తాయి. కుక్క తరిమినప్పుడు అది మనకు మేలు చేస్తుంది. పరుగెత్తడానికి చక్కెర అందిస్తుంది. పని అయ్యాక ఆగిపోవాలి. ఆపమని చెప్పడంలో మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగానికి పెద్ద పాత్ర ఉంది. కొత్త జ్ఞాపకాలు నిలవడానికీ అదే ఆధారం.

1992లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్యూవెన్ బృందంవారు ఎలుకలను రోజుకు 6 గంటల చొప్పున 21 రోజులు కదలనీయకుండా ఉంచారు. తర్వాత గోల్గీ రంగు పట్టించి చూస్తే హిప్పోక్యాంపస్‌లోని కొన్ని కణాల కొమ్మలు కురచబడిపోయాయి. కణం చావలేదు, కొమ్మలు మాత్రం ముడుచుకున్నాయి. ఇన్‌వర్డ్ సెక్షన్లో సగం కౌంటర్లు మూసేశారనుకోండి, అలా అన్నమాట.

ఇక మన దేశంలో జరిగిన పని వినండి. బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర పరిశోధన కేంద్రంలో సుమంత్ర చటర్జీ గారు, నిమ్‌హాన్స్‌కు చెందిన శంకరనారాయణ రావు గారు, వారి సహచరులు 2002లో ఇంకొక సంగతి చూపించారు. ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలనీయకుండా ఉంచితే, హిప్పోక్యాంపస్‌లో కొమ్మలు తగ్గాయి. అదే సమయంలో అమిగ్డలా అనే భాగంలో కొమ్మలు పెరిగాయి. అమిగ్డలా భయానికి కేంద్రం. అంటే అదే ఒత్తిడి, ఒకే తలకాయలో, జ్ఞాపకం చెట్టును కత్తిరించింది, భయం చెట్టుకు ఎరువు వేసింది. 2004లో వారే ఇంకొక మాట చెప్పారు. ఒత్తిడి ఆపి 21 రోజులు విశ్రాంతి ఇస్తే హిప్పోక్యాంపస్ కొమ్మలు కోలుకున్నాయి గాని, అమిగ్డలాలో పెరిగినవి తగ్గలేదు, భయమూ తగ్గలేదు.

ఇది తెలిశాక మా మనవరాలిని ఒక ప్రశ్న అడిగాను. "అమ్మా, కష్టం గడిచిపోయింది కదా, ఇంకా ఎందుకు దిగులుపడతావు అని మనవాళ్ళు అంటారే, ఆ మాట తప్పేనా?" అని. "ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తించదు తాతయ్యా. కానీ కారణం పోయినంత మాత్రాన ఫలితం పోవాలని లేదు" అంది. మెమో ఉపసంహరించుకున్నంత మాత్రాన దాని దెబ్బ పోతుందా?

మనుషుల విషయంలో, డిప్రెషన్ ఉన్నవారి హిప్పోక్యాంపస్ సగటున కొద్దిగా చిన్నదిగా ఉంటుందని స్కానింగులతో చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ తేడా చాలా స్వల్పం. స్కాన్ తీసి "నీకు డిప్రెషన్ ఉంది" అని తేల్చే పరీక్ష ఏదీ లేదు. ఎవరైనా అలా చెప్పి డబ్బు గుంజితే నమ్మవద్దు. ఈ రోగాన్ని తేల్చేది డాక్టరు ఓపికగా అడిగే ప్రశ్నలు, మనం దాచకుండా చెప్పే జవాబులు.

మందుల కథ

మందుల కథలో మన దేశానికి కూడా పాత్ర ఉంది. సర్పగంధ మొక్కను మన వైద్యులు ఎంతోకాలంగా వాడుతున్నారు. అది బి.పి.కి పనిచేస్తుందని బొంబాయి గుండె వైద్యులు రుస్తుం జాల్ వకీల్ గారు 1949లో బ్రిటిష్ పత్రికలో రాశారు. దాని నుంచి 1952లో రెసర్పిన్ అనే మందు తీశారు. ఆ మందు వాడిన కొందరిలో దిగులు కనబడింది. అదే ఏడాది అమెరికాలో క్షయ రోగులకు ఇచ్చిన ఇప్రోనియజిడ్ అనే మందుతో, మంచం దిగని రోగులు వార్డులో హుషారుగా తిరిగారు. ఒక మందు మెదడులోని సెరొటోనిన్ వంటి రసాయనాలను తగ్గించింది, ఇంకొకటి పెంచింది. దాంతో, దిగులంటే ఈ రసాయనాల లోటు అనే సిద్ధాంతం పుట్టింది. 1987 చివర ఫ్లుయొక్సెటిన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ రకం మందులు సెరొటోనిన్‌ను వెంటనే వెనక్కి లాగేసుకోనీయకుండా అడ్డుపడతాయి. బంట్రోతును త్వరగా వెనక్కి పిలవకుండా ఇంకాసేపు కౌంటరు దగ్గర నిలబెడతాయన్నమాట.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆ పని మందు వేసుకున్న కొద్ది గంటల్లోనే మొదలవుతుంది. మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. లోటు భర్తీ చేయడమే సంగతయితే అంత ఆలస్యం ఎందుకు? చాలామంది పరిశోధకుల అభిప్రాయం ఏమిటంటే, ఆ వారాలలో కణాలు మెల్లమెల్లగా కొమ్మలనూ మొలకలనూ మళ్ళీ సరిచేసుకుంటాయి. మంజూరు ఒక్క రోజులో వచ్చినా భవనం ఒక్క రోజులో లేవదు కదా.

2000లో యేల్ విశ్వవిద్యాలయంవారు, ఆపరేషన్లలో మత్తుకు వాడే కెటమిన్‌ను తక్కువ మోతాదులో ఇస్తే దిగులు రోజుల్లోనే తగ్గినట్టు చూశారు. 2010లో అక్కడివారే ఎలుకలలో ఒకే మోతాదుతో 24 గంటలలోపు కొమ్మల మీద కొత్త మొలకలు వచ్చినట్టు చూపించారు. 2019లో దాని రూపాంతరాన్ని ముక్కులో కొట్టే మందుగా అమెరికాలో అనుమతించారు, అదీ వైద్యుల పర్యవేక్షణలోనే. దీన్ని ఇంట్లో వాడరాదు. తలతిరుగుడు, బి.పి. పెరగడం ఉంటాయి, అలవాటుపడే ప్రమాదమూ ఉంది.

2022లో కొందరు పాత అధ్యయనాలన్నీ సమీక్షించి, సెరొటోనిన్ లోటే డిప్రెషన్‌కు కారణమనడానికి నిలకడైన రుజువు లేదన్నారు. అది చదివి కొందరు మందులే దండగ అన్నారు. ఆ మాట సరికాదు. జ్వరానికి పారాసిటమాల్ పనిచేసినంత మాత్రాన, పారాసిటమాల్ లోటు వల్ల జ్వరం వచ్చిందని ఎవరంటారు?

తెలుగువారు గర్వపడే ఒక ముక్క కూడా చెబుతాను. మెదడు బరువు శరీరంలో 2 శాతం, అది ఖర్చు పెట్టే శక్తి సుమారు 20 శాతం. కణం ఆ ఖర్చును ఎ.టి.పి. అనే నాణెంతో పెడుతుంది. 1929లో దాన్ని కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. తొంభై ఏళ్ళ తర్వాత, 2019లో, ముంబయి టాటా పరిశోధన సంస్థలో విదితా వైద్య గారి బృందంవారు సెరొటోనిన్ నాడీకణాలలో ఈ ఎ.టి.పి. తయారయ్యే కర్మాగారాలను పెంచుతుందని ఎలుకల కణాలలో చూపించారు. అంటే సెరొటోనిన్ బంట్రోతు పని ఒక్కటే చేయదు, ఆఫీసుకు కరెంటు కూడా సరఫరా చేస్తుంది.

మనం పాటించవలసినవి

నేను చేసిన తప్పు మీరు చేయవద్దు. డాక్టరు గారు మందు రాసిచ్చాక మొదటి పది రోజులు కడుపులో వికారం తప్ప ఏ గుణమూ కనబడలేదు. మానేశాను. కోడలు కనిపెట్టి మళ్ళీ తీసుకువెళ్ళింది. "నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి, మీ వయసువారికి ఇంకొంచెం పట్టవచ్చు" అని డాక్టరు గారు మళ్ళీ మొదలుపెట్టించారు. అయిదో వారంలో ఒకనాడు కోడలు చేసిన పప్పుచారు రుచిగా ఉందనిపించింది. అదే నాకు తెలిసిన మొదటి గుణం.

మన వయసువారికి కొన్ని జాగ్రత్తలున్నాయి. ఈ మందుల వల్ల కొందరిలో సోడియం తగ్గుతుంది. బి.పి.కి నీరు తీసే మాత్ర వేసుకునేవారిలో ఇంకా ఎక్కువ. మతి తడబడితే, నడక తూలితే వెంటనే రక్తపరీక్ష చేయించాలి. ఆస్పిరిన్, రక్తం పలచబరచే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. పాతరకం మందులు ప్రొస్టేటు, గ్లాకోమా ఉన్నవారికి ఇబ్బంది. బాగైందని మందు ఒక్కసారిగా ఆపరాదు, డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించాలి. నిద్రమాత్ర దిగులుకు మందు కాదు.

కరెంటు వైద్యం అనగానే మనకు సినిమాల్లో చూపించినదే గుర్తొస్తుంది. మందులకు లొంగని తీవ్రమైన డిప్రెషన్లో, అన్నం నీళ్ళు మానేసిన స్థితిలో అది ప్రాణం నిలబెడుతుంది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు సడలించే మందు ఇవ్వకుండా అది చేయకూడదు. తాత్కాలికంగా కొంత మరుపు ఉండవచ్చు. అదే చట్టం, ఆరోగ్య బీమా ఇచ్చే కంపెనీలు శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా కల్పించాలని చెప్పింది. క్లెయిమ్ తిరస్కరిస్తే ఊరుకోకండి, అర్జీలు రాయడం మన విద్యే కదా.

మందు ఒక్కటే కాదు. 2011లో అమెరికాలో 120 మంది పెద్దవారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు 40 నిమిషాల చొప్పున ఏడాదిపాటు నడిచింది. వారి హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారిలో కొంచెం తగ్గింది. నలభై నిమిషాలంటే పబ్లిక్ గార్డెన్స్ చుట్టూ మన నడకే.

మాట కూడా వైద్యమే. జింబాబ్వే దేశంలో డిక్సన్ చిబాండా అనే సైకియాట్రిస్టు, డాక్టర్లు చాలక, 2006 నుంచి ఊళ్ళోని అమ్మమ్మలకు తర్ఫీదు ఇచ్చారు. వారు ఆసుపత్రి ఆవరణలో ఒక బెంచీ మీద కూర్చుని దిగులుపడేవారి మాట వింటారు, ఒక్కో చిక్కుకు ఒక్కో పరిష్కారం వెతికిస్తారు. ఆరు నెలల తర్వాత చూస్తే మామూలు వైద్యం పొందినవారికంటే బెంచీ దగ్గరికి వచ్చినవారిలో దిగులు బాగా తగ్గిందని 2016లో ప్రచురించారు. మన గోవాలో కూడా 60 ఏళ్ళు దాటినవారి మీద, డాక్టర్లు కాని మామూలు మనుషులకే తర్ఫీదిచ్చి ఇలాంటి ప్రయత్నం చేస్తే మంచి ఫలితం వచ్చింది.

ఇంకొక ముఖ్యమైన మాట. ఇంట్లో పెద్దవారు ఎవరైనా "ఇంక బతికి ఏం లాభం" అంటే, వేదాంతం మాట్లాడుతున్నారని వదిలేయకండి. "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్నది బయటికి వస్తుంది. అలా అన్నవారిని ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వంవారు టెలి మానస్ అనే ఫోను సేవ పెట్టారు. నంబరు 14416. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మన ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి జనం వేళాకోళమాడుతుంటారు. అక్కడ రోజూ మనలాంటివారే చూపించుకుని, మందు తీసుకుని ఇంటికి పోతున్నారు.

చివరి మనవి

పోయిన నెలలో నేను ఆ సీనియర్ అసిస్టెంటు గారి భార్యను చూడటానికి వెళ్ళాను. పదమూడేళ్ళు దాటాక వెళ్ళాను. ఆమె టీ ఇచ్చారు. నోట్ పెట్టింది నేనేనని చెప్పాను. ఆమెకు ముందే తెలుసు. "ఆయన మిమ్మల్ని ఎప్పుడూ ఏమీ అనలేదండీ. తప్పు నాదే, చేయలేకపోతున్నాను అనేవారు. రాత్రిళ్ళు నిద్రపోయేవారు కాదు. ఎవరికి చూపించాలో మాకు తెలియలేదు" అన్నారు. నేనేదో అనబోయాను, మాట రాలేదు. లేస్తుంటే ఆమె ఒక్కటే అడిగారు. "ఆ ఇంక్రిమెంట్ల సంగతి ఇప్పుడేమైనా చేయడానికి వీలుంటుందా?"

నాకు తెలిసిన రూల్సులో దారి కనబడలేదు. అప్పీలు గడువు ఏనాడో దాటింది. డాక్టరు సర్టిఫికెట్ లేదు, రోగి లేడు. అయినా మూడు పేజీల అర్జీ తయారుచేశాను. అందులో "సదరు నోట్ రాసినవాణ్ణి నేనే. ఆ ఉద్యోగిని నేను అస్వస్థుడిగా గుర్తించలేకపోయాను. నిర్లక్ష్యం అన్నది నా పొరపాటు అభిప్రాయం" అని రాసి సంతకం పెట్టాను. ఆమె సంతకమూ తీసుకుని ఆబిడ్స్ జి.పి.ఓ.లో రిజిస్టరు పోస్టు చేశాను. అక్నాలెడ్జిమెంట్ వచ్చింది, జవాబు రాలేదు. రాకపోతే రిమైండర్ పంపుతాను. ఈ సభలో సర్వీసు రూల్సు నాకంటే బాగా తెలిసినవారున్నారు. దారి తోచినవారు దయచేసి చెప్పండి.

సంఘానికి నాదొక ప్రతిపాదన. మన హాజరు పుస్తకం తిరగేయండి. గత మూడు నెలలుగా సమావేశాలకు రానివారి పేర్లు రాయండి. వారిలో కొందరు ఊళ్ళో ఉండరు, కొందరికి మోకాళ్ళు నొప్పి. ఒకరిద్దరు మాత్రం ఏ కారణమూ లేకుండా రాకుండా ఉంటారు. వారింటికి ఇద్దరిద్దరు చొప్పున వెళ్దాం. సలహాలు ఇవ్వవద్దు, ధైర్యంగా ఉండు అని చెప్పవద్దు. "నిద్ర పడుతోందా, అన్నం రుచిస్తోందా" అని అడిగి, చెప్పేది విందాం. అవసరమైతే డాక్టరు దగ్గరికి వెంట వెళ్దాం. ప్రతి మంగళవారం పొద్దున్న ఏడు నుంచి ఎనిమిది దాకా పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీ దగ్గర నేను ఉంటాను. నాతో కూర్చోవడానికి ఇద్దరు పేర్లిస్తే చాలు.

మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. బతికున్నామని సంతకం పెడితే ట్రెజరీవారికి సరిపోతుంది. ఎలా ఉన్నామన్న గడి ఆ ఫారంలో లేదు. ఆ గడి మనం ఒకరిదొకరం నింపుకోవాలి.